ఆ బీచ్ ఫోటోల కింద ఊరి పేరు, ఏడాది కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో ఇంగ్లండ్ సముద్రతీర పట్టణాల్లో తీసిన జనం ఫోటోల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. డాక్యుమెంటరీ ఫోటోగ్రఫీకి రెండు పేజీలు ఇవ్వడం చిన్న విషయం కాదు, అందుకు ముందుగా థాంక్స్. కానీ ఆ వ్యాసం తేల్చిన మాట మాత్రం నాకు మింగుడు పడలేదు. ఉన్నదాంట్లో ఒక పూట సరదాగా గడుపుదామని వచ్చిన మామూలు జనాన్ని, నోట్లో చిప్స్ ఉండగా, ఒళ్ళు ఎండకి కందిపోయి ఉండగా ఫోటోలు తీసి, లండన్ గ్యాలరీల గోడలకి తగిలించి చదువుకున్నవాళ్ళంతా నవ్వుకున్నారు, ఇదంతా వెక్కిరింపే అని రాశారు. పైగా మీరు వేసిన ఫోటోల్లో ఒక్కదాని కిందా తీసినవాళ్ళ పేరు లేదు, ఊరు లేదు, సంవత్సరం లేదు. 1960ల నాటి నలుపు తెలుపు ఫోటో పక్కనే 1980ల నాటి రంగుల ఫోటో పెట్టి, అన్నిటికీ కలిపి "సముద్రం ఒడ్డున విదేశీ సరదాలు" అని ఒకటే శీర్షిక. ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో, ఎంత దగ్గరగా నిలబడి తీశారో, అక్కడ ఎన్నాళ్ళు ఉన్నారో చెప్పకుండా వెక్కిరింపు అని తీర్పు ఎలా ఇస్తాం? నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే.

వ్యాసం బోనులో నిలబెట్టింది ముఖ్యంగా బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ మార్టిన్ పార్‌ని, ఆయన న్యూ బ్రైటన్‌లో తీసిన ఫోటోల్ని. నేను లివర్‌పూల్‌కి ఎదురుగా, మెర్సీ నదికి ఇవతలి ఒడ్డున ఉంటున్నాను కాబట్టి ఆ ఊరు నాకు బాగా తెలుసు, ఎండ కాస్తే మేమూ అక్కడికే పోతాం. అందుకే ముందు ఆ ఊరి సంగతి చెప్పాలి. 1900 ప్రాంతంలో న్యూ బ్రైటన్‌లో బ్లాక్‌పూల్ టవర్ కన్నా ఎత్తైన టవర్ ఉండేది. బ్లాక్‌పూల్‌ది 158 మీటర్లు, దీనిది సుమారు 173 మీటర్లు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో దాన్ని పట్టించుకునేవాళ్ళు లేక ఇనుము తుప్పు పట్టింది, యుద్ధం అయ్యాక విప్పేశారు. లివర్‌పూల్ నుంచి వచ్చే ఫెర్రీ 1971లో ఆగిపోయింది, ఆ దశాబ్దం చివర్లో పియర్, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి కట్టిన వంతెన లాంటిది, కూడా పోయింది. 1934లో కట్టిన పెద్ద ఈతకొలను మాత్రం మిగిలింది, దాన్ని కూడా 1990లో వచ్చిన తుఫాను దెబ్బ తీసింది. అంటే పార్ 1982లో పక్కనే ఉన్న వాలసీకి కాపురం వచ్చేనాటికి ఆ ఊరి వైభవం చాలావరకు గతం. అప్పటికే కాస్త డబ్బున్నవాళ్ళు ప్యాకేజీ టూర్లలో స్పెయిన్ పోవడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. లివర్‌పూల్‌లో రేవు పనులు పోయి, ఫ్యాక్టరీలు మూతబడి, ఎక్కడ చూసినా నిరుద్యోగమే. అయినా ఎండ కాసిన రోజున ఆ ఊరికి జనం వస్తూనే ఉన్నారు. లివర్‌పూల్ నుంచి లోకల్ రైలెక్కితే చాలు, సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు.

పార్ 1983 నుంచి 1985 దాకా, మూడు వేసవులు, ఇంటి దగ్గరే ఉన్న ఆ తీరంలో తిరిగి ఆ ఫోటోలు తీశారు. 1986లో అవి "ది లాస్ట్ రిసార్ట్" పేరుతో పుస్తకంగా వచ్చాయి. ఆయన వాడింది ప్లౌబెల్ మకీనా అనే మీడియం ఫార్మాట్ (మామూలు కన్నా పెద్ద ఫిల్మ్ పట్టే) కెమెరా, రంగుల ఫిల్మ్, దానికి తోడు పట్టపగలు కూడా ఫ్లాష్. ఈ ఫ్లాష్ సంగతి మీ వ్యాసంలో అసలు లేదు, నాకేమో విషయమంతా అక్కడే ఉందనిపిస్తుంది. ఆ రోజుల్లో బ్రిటన్‌లో పేదరికం మీద సీరియస్‌గా పని చేసేవాళ్ళలో ఎక్కువమంది నలుపు తెలుపులోనే తీసేవాళ్ళు, అందులో మసక వెలుగు, బరువైన నీడలు, చూడగానే జాలి. రంగులంటే ప్రకటనలకి, పెళ్ళిళ్ళకి, పోస్టుకార్డులకి. పార్ ఆ ప్రకటనల రంగుల్నే తెచ్చి పేదవాళ్ళున్న తీరం మీద పెట్టారు. పగటి వెలుతురులో ఫ్లాష్ కొడితే ముందున్న మనిషి మీద నీడలుండవు, గులాబీ రంగు గౌను మరీ గులాబీగా, సాస్ మరీ ఎర్రగా కనిపిస్తాయి, వెనకాల ఆకాశం కాస్త ముదురుగా దిగిపోతుంది. జాలి పడటానికి అలవాటుపడ్డ కళ్ళకి అది ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఇబ్బందినే చాలామంది విమర్శకులు వెక్కిరింపు అనుకున్నారని నా నమ్మకం.

ఆ పుస్తకంలో ఐస్‌క్రీమ్ కౌంటర్ ఫోటో ఒకటి ఉంది. కౌంటర్ వెనక వడ్డించే అమ్మాయి, ఇవతల ఈత దుస్తుల్లో ఒంటి మీద చొక్కాల్లేకుండా తోసుకుంటున్న పిల్లలు. ఆ అమ్మాయి పిల్లల్ని చూడదు, సూటిగా కెమెరాని చూస్తుంది. ఆ చూపులో అలసట ఉంది, విసుగు ఉంది, "నీకేం కావాలి?" అన్న నిలదీత ఉంది. ఫోటోగ్రాఫర్ కౌంటర్‌కి ఇవతలే, ఆ గుంపులోనే ఉన్నాడని ఆ చూపే చెప్తుంది. దూరం నుంచి టెలీలెన్స్‌తో దొంగతనంగా తీస్తే అలాంటి చూపు దొరకదు. వెక్కిరించాలనుకున్నవాడు తనని నిలదీసే చూపుని ఏరి పుస్తకంలో పెట్టుకుంటాడా? ఇంకో ఫోటోలో కాంక్రీటు నేల మీద ఒకావిడ బోర్లా పడుకుని ఎండ కాచుకుంటూ ఉంటుంది, ఆమె పక్కనే పెద్ద యంత్రం తాలూకు ఇనుప పట్టాలు. మీ వ్యాసకర్తకి ఇందులో ఎగతాళి కనిపించింది. నాకు మాత్రం, చోటు ఎలాంటిదైనా సరే తన సెలవుని వదులుకోని మనిషి కనిపిస్తుంది. పిల్లలతో వచ్చింది, ఎండ వచ్చింది, మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు, ఇంగ్లండ్‌లో వేసవి ఎంత నమ్మకంగా ఉంటుందో ఇక్కడ ఒక్క ఏడాది ఉన్నా తెలుస్తుంది. ఆవిడ పడుకుంది. అందులో నవ్వడానికి ఏముంది?

నాతో ఆస్పత్రిలో పనిచేసే ఒకావిడ చిన్నతనమంతా ఇటువైపే గడిచింది. ఒకరోజు లంచ్ టైమ్‌లో ఆ పుస్తకం చూపించాను. చెత్తడబ్బాలు పొంగిపొర్లుతున్న ఫోటో దగ్గర ఆగి, సెలవు రోజున ఎప్పుడూ అంతే, అంతమంది వస్తే డబ్బాలు ఎక్కడ సరిపోతాయి అంది. తర్వాత అంతా వెతుకులాటే: ఈ షాపు ఎక్కడుండేది, ఈ మెట్లు ఏ వైపువి, ఈ రకం తోపుడు బండి మా తమ్ముడికి ఉండేది, అమ్మకి ఇలాంటి గౌనే ఉండేది. అవమానం అన్న మాట ఆమె నోటివెంట రాలేదు. ఒక ఫోటో మాత్రం ఆమెకి నచ్చలేదు. ఏడుస్తున్న పసివాణ్ణి తల్లి పట్టించుకోనట్టు కనిపించే ఫోటో అది. "ఆ క్షణానికి ముందు ఆమె వాణ్ణి గంటసేపు ఎత్తుకుని ఉండొచ్చు కదా" అంది. ఆ మాట నాకు గుర్తుండిపోయింది. ఫోటోకి ముందూ వెనకా కనిపించవు, ఆ లోటు అన్ని ఫోటోలకీ ఉంది, దాన్ని నేను కాదనను.

ఒక సంగతి మీ పాఠకులకి తప్పక తెలియాలి. ఆ ఫోటోల్ని లివర్‌పూల్‌లోని ఓపెన్ ఐ గ్యాలరీలో చూపించినప్పుడు పెద్ద గొడవేం జరగలేదు. చూసినవాళ్ళకి ఆ తీరం తెలుసు, అది అలాగే ఉంటుందని తెలుసు. అవే ఫోటోలు లండన్‌లో సర్పెంటైన్ గ్యాలరీకి వెళ్ళాకే విమర్శకులు మండిపడ్డారు, కార్మికవర్గాన్ని కించపరిచాడన్నారు. పార్ స్వయంగా ఈ తేడాని చాలాసార్లు చెప్పారు. 2018లో న్యూ బ్రైటన్‌లోనే, అక్కడి సెయిలింగ్ స్కూల్లో, పార్, టామ్ వుడ్, కెన్ గ్రాంట్ ముగ్గురూ ఆ ఊళ్ళో తీసిన ఫోటోలతో ప్రదర్శన పెట్టారు. ఎవరిని కించపరిచారని మీ వ్యాసం అంటోందో వాళ్ళ ఊళ్ళోనే, వాళ్ళు నడిచి వచ్చి చూసేంత దగ్గర్లోనే పెట్టారు. మీ వ్యాసంలో లండన్ ఉంది గానీ ఈ రెండూ లేవు.

ఇక అనుమతి సంగతి. "అడగకుండా తీశారు" అని వ్యాసంలో పదేపదే వచ్చింది. బ్రిటన్‌లో బహిరంగ ప్రదేశంలో ఉన్న మనిషిని ఫోటో తీయడానికి మామూలుగా అనుమతి అక్కర్లేదు. పియర్‌లూ, స్లాట్ మెషీన్లుండే ఆర్కేడ్లూ ప్రైవేటు స్థలాలైతే యజమాని వద్దనొచ్చు, అది వేరే విషయం. అయితే చట్టం ఒప్పుకున్నంత మాత్రాన మర్యాద అయిపోదని నేనూ అంటాను. అందుకే అడిగారా లేదా అన్నదానితో పాటు, దాక్కుని తీశారా, కనబడుతూ తీశారా అన్నది కూడా చూడాలంటున్నాను. దీనికి ఈ తీరాల్లోనే పెద్ద చరిత్ర ఉంది. 1892లో పాల్ మార్టిన్ అనే ఆయన గ్రేట్ యార్మత్ ఇసుక మీద జంటల్నీ పిల్లల్నీ ఫోటోలు తీశారు. ఆయన కెమెరా చూడటానికి చంకలో పెట్టుకున్న పార్సిల్‌లా ఉండేది, తీస్తున్నట్టు ఎవరికీ తెలిసేది కాదు. విక్టోరియా కాలంలో స్టూడియోల్లో బిగదీసుకుని కూర్చునే జనం, ఇసుక మీద ఒకరి ఒళ్ళో ఒకరు తల పెట్టుకుని పడుకునేవాళ్ళని మనకి తెలిసింది ఆ పార్సిల్ వల్లే. అది చూసి మనం మురిసిపోతాం, ఎంత సహజంగా ఉన్నారో అంటాం. నిజానికి ఆ మనుషుల్ని ఎవరూ అడగలేదు, వాళ్ళకి తెలియను కూడా తెలియదు.

తర్వాత 1937లో మాస్ అబ్జర్వేషన్ అనే సంస్థ మొదలైంది, మామూలు బ్రిటిష్ జనం రోజూ ఎలా బతుకుతారో నమోదు చేద్దామని. బోల్టన్ అనే మిల్లుల పట్టణాన్ని ఎంచుకుని దానికి వర్క్‌టౌన్ అని పేరు పెట్టారు. అక్కడి నుంచి బ్లాక్‌పూల్‌కి కూడా వెళ్ళారు. ఎందుకంటే లాంకషైర్ మిల్లు పట్టణాల్లో ఏడాదికోసారి వేక్స్ వీక్ అని ఒక వారం మిల్లులన్నీ ఒకేసారి మూసేసేవాళ్ళు, ఊరికి ఊరే రైలెక్కి బ్లాక్‌పూల్‌లో దిగేది. ఇక్కడి బీచ్ ఫోటోల్లో అంత జనం ఎందుకుంటారు, అందరూ ఒకే ఊరివాళ్ళలా ఎందుకు కనిపిస్తారు అంటే కారణం ఇదే, నిజంగానే ఒకే ఊరివాళ్ళు, ఒకే మిల్లువాళ్ళు, పక్కపక్క ఇళ్ళవాళ్ళు. చాలామంది కార్మికులకి అప్పట్లో ఆ వారం జీతం కూడా ఉండేది కాదు, ఏడాదంతా కొంచెం కొంచెం పొదుపు చేసుకుని ఆ వారం ఖర్చు పెట్టేవాళ్ళు. జీతంతో కూడిన సెలవుల చట్టం వచ్చింది 1938లో. ఈ సంగతి తెలిస్తే ఆ ఫోటోల్లో వాళ్ళు కోటూ టోపీ తీయకుండా, ఉన్నవాటిలో మంచి బట్టలేసుకుని డెక్ చెయిర్లో ఎందుకు కూర్చుంటారో అర్థమవుతుంది. సరే, ఆ ఫోటోలు తీసిన హంఫ్రీ స్పెండర్ తన లైకా అనే చిన్న కెమెరాని కోటు కింద దాచుకుని తీసేవారు. మనుషులు గమనిస్తే కోపగించుకునేవాళ్ళు. కనబడని గూఢచారిలా ఉండాల్సి రావడం తనకి ఇష్టంగా ఉండేది కాదని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. కార్మికుల పట్ల గౌరవంతో మొదలైన పనే అది, కానీ చాటునుంచి చూసిన పని. వీటి పక్కన పార్ ఫ్లాష్‌ని పెట్టి చూడండి. నాలుగడుగుల దూరంలో పెద్ద కెమెరాతో నిలబడి పట్టపగలు ఫ్లాష్ కొట్టే మనిషి దాక్కున్నట్టు కాదు. వద్దనాలనుకున్నవాళ్ళకి వద్దనే అవకాశం ఉంది, ఒక మాట అనాలనుకుంటే ఎదురుగానే ఉన్నాడు. ఆ మూడింట్లో నాకైతే ఇదే నిజాయితీగా కనిపిస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే ఫోటో కూడా ఒకటి చెప్పాలి, ఎందుకంటే అందరికీ నచ్చేది అదే. 1951లో పిక్చర్ పోస్ట్ పత్రిక ఫోటోగ్రాఫర్ బెర్ట్ హార్డీ, మంచి ఫోటోకి ఖరీదైన కెమెరా అక్కర్లేదని చూపించడానికి, బాక్స్ బ్రౌనీ అనే మామూలు చవక కెమెరా పట్టుకుని బ్లాక్‌పూల్ వెళ్ళారు. తీరం వెంట నడకదారి (ప్రామినేడ్) రైలింగ్ మీద ఇద్దరు అమ్మాయిలు, గాలికి గౌను ఎగురుతోంది, నవ్వుతున్నారు, వెనక సముద్రం. అద్భుతమైన ఫోటో, నాకూ ఇష్టం. కానీ అది వాళ్ళని కూర్చోబెట్టి తీసిన ఫోటో. అలాగే 1960లు, 70లలో బట్లిన్స్ హాలిడే క్యాంపుల కోసం జాన్ హైండ్ స్టూడియో తీసిన పోస్టుకార్డులు: ప్రతి మనిషినీ, ప్రతి పూలకుండీనీ సర్ది, లైట్లు పెట్టి, రంగులు పెంచి అచ్చేసినవి. పార్ కుర్రవాడిగా ఉన్నప్పుడు ఫైలీలోని బట్లిన్స్‌లో అతిథుల ఫోటోలు తీసే ఉద్యోగం చేశారు, ఆ పోస్టుకార్డుల మీద ఆయనకి జీవితాంతం ఉన్న ఇష్టం అక్కడే మొదలైంది. సర్దిపెట్టిన ఫోటోని "ఎంత బాగుంది" అంటాం, సర్దకుండా ఉన్నది ఉన్నట్టు తీస్తే "ఎంత క్రూరం" అంటాం. మనం కోరుకుంటున్నది గౌరవమా, పొగడ్తా అన్నది ఆలోచించుకోవాలి.

మీరు వేసిన వాటిలో పడవ ఫోటో ఒకటుంది. నాకు తెలిసినంతవరకు అది టోనీ రే-జోన్స్‌ది, 1967 నాటిది, బీచీ హెడ్ దగ్గర పడవ షికారు. ఒక యువజంట ఒకరినొకరు హత్తుకుని ఉంటే చుట్టూ కూర్చున్నవాళ్ళు తలా ఒక దిక్కు చూస్తుంటారు, ఒక్క ఫ్రేములో నాలుగైదు కథలు విడివిడిగా నడుస్తుంటాయి. ఆయన అమెరికాలో చదువుకుని 1960ల మధ్యలో ఇంగ్లండ్ తిరిగొచ్చారు, ఇంగ్లిష్ జీవితం అమెరికాలా మారిపోకముందే దాన్ని నమోదు చేయాలన్న తపనతో. భార్యతో కలిసి క్యాంపర్ వ్యాన్‌లో ఊరూరా తిరిగారు, మార్గేట్, బ్రైటన్, బ్లాక్‌పూల్, స్కార్‌బరో. నోట్‌బుక్కులో తనకి తానే పాఠాలు రాసుకునేవారు: ఇంకా దగ్గరికి వెళ్ళు, జనంతో మాట్లాడు, ఓపికగా ఉండు, ఎక్కువ తీయకు, విసుగొచ్చే ఫోటోలు తీయకు, మధ్యదూరం వద్దు. ఆ కాగితం నేను చాలాసార్లు తలుచుకుంటాను. 1972లో 30 ఏళ్ళకే లుకేమియాతో పోయారు, ఆయన పుస్తకం 1974లో, ఆయన పోయాక వచ్చింది. 2013లో లండన్ సైన్స్ మ్యూజియంలో ఆయన ప్రదర్శన పెట్టినప్పుడు, అప్పటిదాకా ఎవరూ చూడని ఫోటోల్ని కాంటాక్ట్ షీట్ల (ఫిల్మ్‌లోని ఫ్రేములన్నీ చిన్నవిగా అచ్చేసిన కాగితాల) నుంచి ఏరింది మార్టిన్ పారే. పార్ మీద ఆయన ప్రభావం చాలా ఉంది. మీ వ్యాసం ఆ పడవ ఫోటోని "ప్రేమగా చూసిన పాతకాలం"కి, పార్‌ని "కరుణ లేని కొత్తకాలం"కి ఉదాహరణగా వాడింది, ఫోటోగ్రాఫర్ పేరు వేసి ఉంటే ఆ వాదన అక్కడే ఆగిపోయేది.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించింది ఆడవాళ్ళు తీసిన ఫోటోల ఊసే లేకపోవడం. 1954లో గ్రేస్ రాబర్ట్‌సన్ అనే, అప్పటికి పాతికేళ్ళు కూడా నిండని ఫోటోగ్రాఫర్, లండన్ బెర్మండ్సీలోని ఒక పబ్‌కి వచ్చే ఆడవాళ్ళంతా కలిసి ఏడాదికోసారి చేసే మార్గేట్ ట్రిప్పుకి వాళ్ళతోపాటే కోచ్ ఎక్కి వెళ్ళారు. చాలామంది నడివయసు దాటినవాళ్ళు, యుద్ధం చూసినవాళ్ళు, బాంబుల కింద పిల్లల్ని పెంచినవాళ్ళు. ఆ ఒక్కరోజు మొగుళ్ళూ పిల్లలూ వంటా ఏమీ లేవు. రంగులరాట్నాల మీద కేకలేస్తారు, గౌన్లు ఎత్తిపట్టుకుని డాన్స్ చేస్తారు, నోరంతా తెరిచి నవ్వుతారు. పళ్ళు లేని నోళ్ళు, లావు కాళ్ళు, జారిన మేజోళ్ళు, మీ వ్యాసకర్త లెక్క ప్రకారమైతే "కించపరిచే" వివరాలన్నీ అందులోనూ ఉన్నాయి. ఒక్కరూ వెక్కిరింపు అనరు, ఎందుకంటే ఫోటోగ్రాఫర్ ఆ నవ్వు మధ్యలోనే ఉంది, ఫోటో చూస్తుంటేనే తెలుస్తుంది. చెకొస్లొవాకియా నుంచి వచ్చి ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ మార్కెటా లుస్కచోవా 1970ల చివర్లో న్యూకాజిల్ దగ్గరి విట్లీ బేలో తీసినవి మరో లోకం, ఉత్తర సముద్రపు చలిగాలి, గాలికి అడ్డంగా కట్టుకున్న గుడ్డలు, కోట్లు వేసుకున్న పెద్దలు, వాళ్ళ పక్కన ఈత దుస్తుల్లో పిల్లలు. అదే ప్రాంతంలో ఫిన్లాండ్ నుంచి వచ్చి ఉండిపోయిన సిర్కా-లీసా కొంటినెన్ తీరం ఫోటోలు ఏళ్ళ తరబడి తీశారు. ఇద్దరూ పరాయి దేశం నుంచి వచ్చినవాళ్ళే, కానీ ఒక్క రోజు చూసి తిరిగెళ్ళిపోయినవాళ్ళు కారు.

ఉండిపోవడం అన్నదాని గురించే ఇంకొక్క మాట. టామ్ వుడ్ ఐర్లాండ్‌లో పుట్టి, న్యూ బ్రైటన్‌లో పాతికేళ్ళ దాకా కాపురం ఉన్నారు. తీరం, బస్సులు, బజార్లు, డాన్స్ క్లబ్బులు, అన్నిచోట్లా కెమెరాతోనే కనిపించేవారు కాబట్టి అక్కడివాళ్ళు ఆయన్ని "ఫోటీ మ్యాన్" అని పిలిచేవాళ్ళు. ఆయన ఫోటోల్లో మనుషులు కెమెరాకి అలవాటుపడిపోయినట్టుంటారు, పార్ ఫోటోల్లో ఉండే ఉలికిపాటు వీటిలో ఉండదు. ఒకే ఊరు, ఒకే కాలం, ఇద్దరు మనుషులు. రెండూ పక్కపక్కన వేస్తే పాఠకులు తమంతట తామే పోల్చుకుంటారు. బట్లిన్స్‌లో పార్‌తో కలిసి పనిచేసిన డేనియల్ మెడోస్ పద్ధతి ఇంకొకటి: 1973, 74లో డబుల్ డెకర్ బస్సులో దేశం తిరుగుతూ, వచ్చినవాళ్ళందరికీ ఉచితంగా ఫోటో తీసి చేతికిచ్చారు, రెండు దశాబ్దాల తర్వాత వాళ్ళలో కొందరిని వెతుక్కుంటూ వెళ్ళి మళ్ళీ తీశారు.

పార్‌ని అన్నిట్లో వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. 1990ల చివర్లో ఆయన మరీ దగ్గరికి వెళ్ళి, లెన్స్ చుట్టూ బిగించే రింగ్ ఫ్లాష్‌తో నోళ్ళూ, వేళ్ళూ, తిండీ మాత్రమే తీసినవి నాకు నచ్చవు. అక్కడ మనిషి ముఖం పోయింది, ఊరు పోయింది, ఎవరిదో తెలియని నోరు మిగిలింది. మీ వ్యాసంలోని విమర్శ వాటి మీద పెడితే నేనూ సంతకం చేస్తాను. 1994లో మాగ్నమ్ అనే ఫోటోగ్రాఫర్ల సంస్థ ఆయన్ని పూర్తి సభ్యుడిగా తీసుకున్నప్పుడు లోపల పెద్ద గొడవే జరిగింది, వియత్నాం యుద్ధాన్ని తీసిన ఫిలిప్ జోన్స్ గ్రిఫిత్స్ లాంటివాళ్ళు గట్టిగా వ్యతిరేకించారు, అంకెల్లో చూస్తే అతి కష్టం మీద గట్టెక్కారు. వాళ్ళ అభ్యంతరం తేలిగ్గా తీసేయాల్సింది కాదు. కానీ న్యూ బ్రైటన్ ఫోటోల్లో ముఖాలున్నాయి, చూపులున్నాయి, ఒక ఊరి ఫలానా కాలం ఉంది. 1983 నాటి మెర్సీసైడ్‌ని, అంటే లివర్‌పూల్ చుట్టుపక్కల ప్రాంతాన్ని, అర్థం చేసుకోవాలంటే నిరుద్యోగం లెక్కలతో పాటు ఆ ఫోటోలు కూడా కావాలి.

ఇప్పుడు మళ్ళీ అలాంటి పని చేయాలంటే ఎంత కష్టమో కూడా మీరు రాసి ఉంటే బాగుండేది. తీరం మీద పిల్లలున్న వైపు పెద్ద కెమెరా తిప్పితే చాలు, ఎవరో ఒకరు వచ్చి ఎవరు నువ్వు, ఎందుకు తీస్తున్నావు అని అడుగుతారు. చట్టం మారలేదు, మనుషుల్లో భయం పెరిగింది, అందులో న్యాయం కూడా ఉంది. అందుకని చాలామంది ఇప్పుడు ముందు మాట్లాడి, ఒప్పించి, నిలబెట్టి తీస్తున్నారు. అవి మంచి పోర్ట్రెయిట్లే అవుతాయి గానీ, తోసుకుంటున్న పిల్లల మధ్య విసుగెత్తిపోయిన ఐస్‌క్రీమ్ అమ్మాయి వాటిలో దొరకదు.

సంపాదకులకి నా విన్నపం సూటిగా చెప్తాను. వచ్చే వారం సవరణ వేసే చోట కాస్త జాగా ఇచ్చి, ఆ ఫోటోలు ఒక్కొక్కటీ ఎవరిదో, ఏ ఊరిదో, ఏ ఏడాదిదో వేయండి. శీర్షిక మార్చినా మార్చకపోయినా పేర్లు మాత్రం వేయండి. ఇంకోసారి ఈ విషయానికి పేజీలు ఇవ్వగలిగితే, న్యూ బ్రైటన్‌లో పార్ తీసినది ఒకటి, టామ్ వుడ్ తీసినది ఒకటి పక్కపక్కన పెట్టండి, కింద గ్రేస్ రాబర్ట్‌సన్ మార్గేట్ ఫోటోలు వరసగా వేయండి. అవి ఒకటీ అరా వేస్తే లాభం లేదు, పొద్దున్న కోచ్ ఎక్కినప్పటి నుంచి ఆ ఆడవాళ్ళ రోజంతా వరసలో చూడాలి.

ఇట్లు
మీ పాఠకురాలు,
వాలసీ, ఇంగ్లండ్